డెబ్బైమూడో శనగగింజ

ఆ శనివారం పొద్దున గొడవ ఒక పాత టూత్‌బ్రష్ దగ్గర మొదలైంది.

దాన్ని పళ్ళకు వాడడం మానేసి నాలుగేళ్ళయింది. శ్యామసుందరి దాన్ని లాండ్రీ గదిలో సింకు పక్కన ఖాళీ ఆవకాయ సీసాలో నిలబెట్టి ఉంచుతుంది. కుందుల మెలికల్లో, హారతి పళ్ళెం అంచు కింద, గంట లోపల, వేలు దూరని చోటల్లా ఆ బ్రష్షే దూరాలి. వారం రోజుల్లో నవరాత్రులు. పూజ సామానంతా చింతపండు నీళ్ళలో నానబెట్టి, బ్రష్ కోసం చెయ్యి చాపితే, కుచ్చంతా నల్లగా, జిడ్డుగా, పెట్రోలు బంకు వాసన కొడుతూ చేతికొచ్చింది. పక్కనే ఇత్తడి తోమే పొడి డబ్బా మూత తీసి ఉంది. నిన్నటికీ ఇవాళ్టికీ సగం ఖాళీ.

"ఏవండీ, నా బ్రష్ ఎవరు ముట్టుకున్నారు?"

"నేనే," గరాజులోంచి ద్వారకానాథ్ గొంతు వచ్చింది. "జస్ట్ టూ మినిట్స్ వాడా."

"రెండు నిమిషాల్లో ఇంత మసి ఎక్కదు. దేవుడి సామాను తోమే బ్రష్ అది."

"బ్రష్షుకి కూడా మడేనా సుందరీ? మధ్యాహ్నం షాప్స్‌కి వెళ్తాగా, నాలుగు కలిపి ప్యాక్ తెచ్చి పడేస్తా."

"కొత్తది పనికిరాదు. కుచ్చు అరిగి మెత్తబడితేనే సందుల్లోకి పోతుంది."

వంటగది బల్ల దగ్గర సీరియల్ తింటున్న లిఖిత గిన్నెలోంచి తల ఎత్తలేదు. "అమ్మా, ఇట్స్ జస్ట్ ఎ టూత్‌బ్రష్."

"అయితే నీ బ్రష్ ఇవ్వు, దాంతో తోముతాను."

"ఛీ, గ్రోస్."

ద్వారకానాథ్ చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. ఏదైనా పని తన చేత్తో తనే పూర్తి చేసినప్పుడు అతని మొహంలో ఒక వెలుగు కనిపిస్తుంది. ఈ దేశం వచ్చి క్లైడ్ నార్త్‌లో ఈ ఇల్లు కొన్నాక పెరట్లో డెక్ వేసినప్పుడూ, డిష్‌వాషర్ బాగుచేసినప్పుడూ ఆమె ఆ వెలుగు చూసింది. వారమంతా బ్యాంకు సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టే మనిషికి, చేత్తో పట్టుకుని చూసుకునే పని ఏదైనా పండగే.

"దేనికి వాడానో చూశాక తిట్టు," అని అరచెయ్యి తెరిచాడు.

చిటికెన వేలంత ఉక్కు కడ్డీ. అద్దంలా మెరుస్తోంది.

"గన్ బోల్ట్ లోపలిది. ముందుకు దూకి తూటా వెనక కొట్టేది ఇదే. మూడు రాత్రుళ్ళు కూర్చున్నా. ముందు ఎమెరీ పేపరు, తర్వాత నీ పొడి. చూడు ఎలా ఉందో. మన దీపాలు కూడా ఇంత మెరవవు."

రెండేళ్ళ కిందట ఆఫీసులో ఎవరో గాల్లోకి ఎగరేసిన మట్టి పళ్ళేల్ని తుపాకీతో కొట్టే క్లబ్బుకు తీసుకెళ్ళడంతో అతనికి ఈ సరదా పట్టుకుంది. లైసెన్సు తీసుకున్నాడు, షాట్‌గన్ కొన్నాడు, గరాజు గోడకు ఇనప బీరువా బిగించాడు. ఈ ఏడు పద్నాలుగేళ్ళ లిఖిత కూడా పిల్లలకిచ్చే లైసెన్సు తీసుకుని, తండ్రి తుపాకీతోనే నేర్చుకుంటోంది. అది ఒక్కో తూటాకీ బోల్ట్ వెనక్కి లాగి ముందుకు తొయ్యాల్సిన రకం. లిఖితవి సన్నటి చేతులు. బోల్ట్ బిగువు వల్ల రెండో పళ్ళెం గాల్లో ఉండగానే ఆమెకు ఆలస్యమైపోతోంది. రేపు ఆదివారం జూనియర్ల పోటీ.

"క్రాన్‌బర్న్‌లో తుపాకులు బాగుచేసే ఆ పెద్దాయనకి ఇస్తానన్నారుగా," అంది శ్యామసుందరి.

"త్రీ వీక్స్ అన్నాడు. పోటీ రేపు. పైగా దీనికి మూడు వారాలేంటి? వీడియోలు చూశా, ఇంటి దగ్గర అందరూ చేస్తున్నారు."

ఆమె ఆ కడ్డీని కిటికీ వెలుగులోకి తీసుకుంది. మధ్యలో ఒకచోట చిన్న మెట్టులా ఉంది.

"ఈ మెట్టు దేనికి?"

"ట్రిగ్గర్ కొక్కెం దాన్ని పట్టుకుని ఆపుతుంది. ట్రిగ్గర్ నొక్కితే వదుల్తుంది."

"దీన్ని కూడా రుద్దారా?"

"అంతా రుద్దా. సగం మెరిసి సగం మెరవకపోతే ఏం బావుంటుంది?"

ఆమె మెట్టు అంచు మీద గోరు ఆనించి గీసింది. గోరు ఆగకుండా జారిపోయింది.

సింకులో చింతపండు నీళ్ళ అడుగున ఆమె అమ్మమ్మ నాటి గజలక్ష్మి దీపం ఉంది. పెళ్ళయి వచ్చేటప్పుడు సామానులో వెయ్యకుండా చేతిసంచిలో పెట్టుకుని తెచ్చుకుంది. ఆ లక్ష్మికి ముక్కు లేదు. ఏనుగులకు తొండాలు లేవు, ఉండాల్సినచోట చిన్న గుబ్బలు మాత్రం ఉన్నాయి. అమ్మమ్మ చేతికి వచ్చినప్పుడు ముక్కూ పెదవీ అన్నీ ఉండేవట. మూడు తరాల ఆడవాళ్ళు ప్రతి శుక్రవారం మెరిసేదాకా తోమి తోమి ఆ మొహాన్ని చెరిపేశారు. మెరుపంటే పైనుంచి ఏదో వచ్చి చేరేది కాదనీ, ఉన్నదాంట్లోంచి కాస్త పోయేదనీ ఆ దీపం తోమే ప్రతిసారీ ఆమెకు తెలుస్తూనే ఉంటుంది.

ఆమె మళ్ళీ కడ్డీ మెట్టుకేసి చూసింది.

"ఇది ముందు ఎలా ఉండేదో ఫోటో ఉందా?"

"ఓ. బిఫోర్, ఆఫ్టర్ రెండూ తీసి క్లబ్ గ్రూపులో పెట్టా. వీడియో కూడా."

అతని ఫోను తీసుకుని బొమ్మ పెద్దది చేసి చూసింది. పాత ఫోటోలో మెట్టు అంచు బియ్యపు గింజ విరిచినట్టు పదునుగా ఉంది. ఇప్పుడది నీళ్ళలో నానిన గింజలా గుండ్రంగా ఉంది.

"రేపు లిఖిత దీంతో కాల్చకూడదు."

"టెస్ట్ చేశా సుందరీ. బిగించి ఇరవైసార్లు బోల్ట్ వేశా. నథింగ్. వెన్నలా పోతోంది."

"ఇరవై చాలదు."

"మరెన్ని?"

"నూట ఎనిమిది."

అతను నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి ఆపేశాడు.

ఆ ఇంట్లో తుపాకీ విషయంలో ఆమె చెయ్యగలిగింది ఏమీ లేదు. ఆమెకు లైసెన్సు లేదు. బీరువా తాళం ఎక్కడుంటుందో కూడా ఆమెకు తెలియకూడదు, అదీ చట్టం. ఆయుధపూజ నాడు సైతం బీరువా తలుపుకే బొట్టు పెడుతుంది. దాన్ని తీసుకుపోయి ఎక్కడైనా దాచెయ్యడం ఆమె వల్ల కాదు. లెక్కపెట్టడం మాత్రం వచ్చు.

నవరాత్రుల్లో అష్టోత్తరం చదివేటప్పుడు ఆమె ఒక పళ్ళెంలో నూట ఎనిమిది శనగలు పోసుకుని, నామానికొకటి చొప్పున పక్క పళ్ళెంలోకి వేస్తుంది. నోరు ఒక నామం మింగేసినా గింజలు మింగవు. ఇప్పుడు అవే రెండు పళ్ళేలు పట్టుకుని గరాజులోకి వెళ్ళి నిలబడింది. లిఖితను గడప దాటి రావద్దంది.

ద్వారకానాథ్ కడ్డీని బోల్ట్‌లో బిగించాడు. మందులేని ఉత్తుత్తి తూటా పెట్టాడు. గొట్టం మూలనున్న ఇసుక బస్తాకేసి తిప్పాడు.

"వేలు ట్రిగ్గర్ దగ్గర వద్దు. బయటికి చాపి పెట్టండి, నాకు కనపడాలి."

"సరేనమ్మా."

బోల్ట్ వెనక్కి, ముందుకి. ఒక గింజ. వెనక్కి, ముందుకి. ఇంకో గింజ. గరాజు తలుపు అవతల పక్కింటివాళ్ళు గడ్డి కోసే మిషను మొదలుపెట్టారు. ముప్ఫై దగ్గర, "ఇవి ఏ అమ్మవారి నామాలు?" అన్నాడతను. ఆమె ఇంకో గింజ వేసింది. యాభై దగ్గర చొక్కా చేత్తో నుదురు తుడుచుకున్నాడు.

అరవై అయ్యేసరికి ఆమెకు కొంచెం సిగ్గేసింది. మనిషి మూడు రాత్రుళ్ళు కూతురి కోసం కూర్చుని చేసిన పని. బ్రష్ మీద కోపం తీసుకొచ్చి దీని మీద చూపిస్తున్నానా అనుకుంది. అయినా గింజలు వేస్తూనే ఉంది.

"డెబ్బై అయిందిగా, చాలు," అన్నాడు.

"నూట ఎనిమిది."

డెబ్బై ఒకటి. డెబ్బై రెండు.

డెబ్బైమూడోసారి బోల్ట్ మూతపడిన చప్పుడు వెనకే, దాన్ని అంటిపెట్టుకుని, ఇంకో చప్పుడు వచ్చింది. చిన్నది, పొడిది. కుక్కర్ మూత లాక్ పడినట్టు.

ట్రిగ్గర్ నొక్కకుండానే కొక్కెం కడ్డీని వదిలేసింది.

"నా వేలే తగిలిందేమో," అన్నాడు ద్వారకానాథ్.

"తగల్లేదు. మొదట్నుంచీ నేను మీ వేలు తప్ప వేరే ఏమీ చూడలేదు."

అతను తన వేలికేసి చూసుకున్నాడు. అది ఆమె చాపమన్న చోటే, చెక్క పక్కన తిన్నగా చాపి ఉంది. ఇసుక బస్తా బదులు రేపటి మైదానం ఆమె కళ్ళ ముందుకొచ్చింది. వరసగా నిలబడ్డ ఐదుగురు పిల్లలు, తూటా వేసుకుని నాన్న ఎక్కడున్నాడా అని వెనక్కి తిరిగి చూసే లిఖిత. ఆ పిల్లకు అలా తిరిగే అలవాటుంది. ఎన్నిసార్లు చెప్పినా మానదు. శ్యామసుందరి గోడకు చెయ్యి ఆనించింది.

తుపాకీ ఖాళీ చేసి పక్కన పెడుతున్న ద్వారకానాథ్ మధ్యలో ఆగిపోయాడు.

"రాజుది," అన్నాడు.

"ఏ రాజుది?"

"కనకరాజుది. పోయిన ఆదివారం బోల్ట్ తెచ్చుకుని ఇక్కడే కూర్చున్నాడు, నువ్వు బిర్యానీ చేసిన రోజు. వాడిదీ సేమ్ గన్. వాడిదీ నేనే రుద్దా."

"ఇవాళ వాళ్ళెక్కడున్నారు?"

అడిగిందే కానీ ఆమెకు తెలుసు. కనకరాజూ, భార్య సుగుణా గిప్స్‌లాండ్‌లో ఎవరిదో గొర్రెల ఫారానికి వెళ్ళారు. అతను నక్కల్ని కొట్టడానికి, ఆమె గాలి మార్పుకి. సుగుణ వారంనుంచీ చెప్తోంది.

కనకరాజు ఫోను మోగలేదు. తిన్నగా మెసేజ్ పెట్టమని గొంతు వచ్చింది. సుగుణదీ అంతే. ద్వారకానాథ్ వాట్సాప్‌లో రాశాడు, మళ్ళీ రాశాడు. పంపిన ప్రతిదాని పక్కనా ఒకే ఒక్క బూడిదరంగు టిక్కు. రెండోది పడలేదు.

"కార్లో వెళ్దాం," అన్నాడు.

"మూడు గంటలు. ఎక్కడికని వెళ్తారు? ఊరి పేరైనా తెలుసా?"

అతనికి తెలియదు. ఆమెకూ తెలియదు. గరాజులో అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాడు. లిఖిత గడప మీద నిలబడి, "డాడ్, వాట్ హ్యాపెండ్?" అని రెండుసార్లు అడిగింది.

శ్యామసుందరి తన ఫోను తీసింది. పొద్దున ఏడూ నలభైకి సుగుణ స్టేటస్ పెట్టింది, బస చేసిన చోట అప్పుడు కాస్త సిగ్నల్ దొరికినట్టుంది. చెక్క వరండా, టేబుల్ మీద రెండు టీ కప్పులు, స్టీలు ఫ్లాస్కు. వెనక తలుపుకు ఒక కాగితం అంటించి ఉంది. దాన్ని పెద్దది చేసింది. గేట్లు మూసి ఉంచండి, గొర్రెల్ని బెదరగొట్టకండి, అని వరసగా ఉన్నాయి. అట్టడుగున, ఇంటి యజమాని ల్యాండ్‌లైన్. చివరి అంకె ఫ్లాస్కు పిడి వెనకపడింది. పిడి పక్కన కాస్త వంపు మాత్రం కనిపిస్తోంది.

"ఎనిమిది కావచ్చు, మూడు కావచ్చు, సున్నా కావచ్చు," అంది.

ఎనిమిదితో చేస్తే ఎవరో ముసలాయన తీసి, ఏదో అమ్మేవాళ్ళనుకుని, తనకు సోలార్ ప్యానెల్స్ వద్దని పెట్టేశాడు. మూడుతో చేస్తే చాలాసేపు మోగింది. పెట్టేద్దామనుకునే వేళకు ఒకావిడ తీసింది. అవును, ఆ జంట తన క్యాబిన్‌లోనే ఉన్నారు. తొమ్మిదిన్నరకే వెనక పొలంలోకి నడిచి వెళ్ళారు.

శ్యామసుందరి ఒక్కో మాటా విడదీసి చెప్పింది. ఆయన తుపాకీ పాడయింది. ముట్టుకోకుండానే పేలుతుంది. బోల్ట్ మళ్ళీ మూయొద్దని చెప్పండి, గొట్టం మనుషులు లేనివైపు పెట్టి కింద ఉంచమనండి, మీరు మాత్రం వెనకనుంచి వెళ్ళండి, ముందునుంచి కాదు.

ఆవిడ మారు ప్రశ్న వెయ్యలేదు. మోటారు సైకిలు తాళాలు వెతుక్కుంటున్న చప్పుడు ఫోనులో వినిపించింది.

నలభై నిమిషాలు. శ్యామసుందరి ఆ నలభై నిమిషాలూ గరాజులోనే నిలబడింది. బెంచి మీద రెండు పళ్ళేలు అలాగే ఉన్నాయి, ఒకదాంట్లో డెబ్బైమూడు, ఒకదాంట్లో ముప్ఫై అయిదు. సింకులో చింతపండు నీళ్ళు నల్లబడుతూ ఉంటాయని గుర్తొచ్చింది కానీ కాళ్ళు అటు పోలేదు. కనకరాజు కాదు, ఆమెకు సుగుణే కళ్ళలో మెదులుతోంది. ఆ పిల్ల ఎప్పుడూ భర్తకంటే రెండడుగులు ముందే నడుస్తుంది. నడక పందెమా అని అందరూ వెక్కిరిస్తారు.

ఫోను మోగింది. ల్యాండ్‌లైన్ నంబరు. ద్వారకానాథ్ స్పీకర్ నొక్కాడు.

"అన్నా, ఏందన్నా ఇది, ఆవిడ బండేసుకుని పోలీసులా వచ్చేసింది," కనకరాజు గొంతులో ఇంకా నవ్వుంది. "గన్ కింద పెట్టు అని అరుపులు. నేనే ఏదైనా కేసులో ఇరుక్కున్నానా అనుకున్నా."

"రాజూ, సుగుణ ఎక్కడ?"

"ఇక్కడే. మంచినీళ్ళు తాగుతోంది. ఏమైందన్నా?"

ద్వారకానాథ్ చెప్పాడు. మెట్టు సంగతి, రుద్దడం, డెబ్బైమూడోసారి.

"అన్నా," అన్నాడు కనకరాజు. ఈసారి గొంతు వేరే మనిషిది. "పొద్దున ఒకసారి పేలింది."

"ఎప్పుడు?"

"సుగుణ గేటు తీస్తోంది. నేను వెనకాల బోల్ట్ మూశా. గొట్టం నేలకే ఉందన్నా, ప్రామిస్. మట్టి లేచి దాని చెప్పుల మీద పడింది. నా వేలే తగిలిందేమో అనుకున్నా. సారీ చెప్పేసి మళ్ళీ లోడ్ చేసుకున్నా. అప్పట్నుంచీ లోడ్ చేసే నడుస్తున్నాం."

సుగుణ ఫోను లాక్కుంది. "అక్కా, నా ప్యాంటు మీద మట్టి ఇంకా ఉందక్కా. దులుపుకోలేదు కూడా." ఫోను అవతల ఆమె ఊపిరి తీసుకుంటూ ఉంటే, ఇవతల శ్యామసుందరి అది వింటూ నిలబడింది.

మధ్యాహ్నం తుపాకీని తాళమేసిన పెట్టెలో పెట్టుకుని ముగ్గురూ క్రాన్‌బర్న్ వెళ్ళారు. తుపాకులు బాగుచేసే కాలిన్‌కు డెబ్బై ఉంటాయి. కంటికి భూతద్దం బిగించుకుని కడ్డీని దీపం కింద అటూ ఇటూ తిప్పాడు. ఎవరు చేశారని అడిగాడు. నేనే అన్నాడు ద్వారకానాథ్. దేంతో అని అడిగాడు. శ్యామసుందరి సంచీలోంచి ఇత్తడి పొడి డబ్బా, టూత్‌బ్రష్ తీసి కౌంటరు మీద పెట్టింది. పెద్దాయన నవ్వలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

ఉక్కుకు పైన కాగితమంత పలచటి గట్టి పొర ఉంటుందని చెప్పాడాయన. అది ఆ మెట్టు దగ్గర పోయింది. లోపలిది మెత్తన. ఇక వాడేకొద్దీ ఇంకా గుండ్రబడుతుంది, డెబ్బైకోసారి అయ్యేది పదికోసారి అవుతుంది. తిరిగి రుద్ది బాగుచెయ్యడం కుదరదు, కొత్త కడ్డీ తెప్పించాలి. కనకరాజుది కూడా అంతే.

ఆయన వెనక బల్ల మీద ఇంకెవరిదో బోల్ట్ ఉంది. సగానికి పైగా నీలం టేపు చుట్టి ఉండడం శ్యామసుందరి గమనించి, అదెందుకని అడిగింది. రుద్దకూడని చోట్లు ముందు కప్పేస్తానని చెప్పాడు. బోల్ట్ బిగువుగా ఉండేది పక్కల రాపిడి వల్ల. రంగు పూసి ఎక్కడ రాసుకుంటోందో చూసి, అక్కడొక్కచోటే మెత్తగా రుద్ది, మళ్ళీ కొలుస్తాడు. మూడు వారాల్లో రుద్దే పని ఒక పూటదేనట.

"మరి అద్దంలా మెరుస్తుందా?" అడిగింది లిఖిత ఇంగ్లీషులో.

మెరిస్తే నేను తప్పు చేసినట్టే, అన్నాడు కాలిన్.

తుపాకీ ఆయన దగ్గరే ఉండిపోయింది. ఇంటికొచ్చాక శ్యామసుందరి సింకులో చల్లబడిన చింతపండు నీళ్ళు పారబోసి, సామాను మామూలు నీళ్ళతో కడిగి, తోమకుండానే తుడిచి పెట్టింది. లక్ష్మి కొంచెం నల్లగానే ఉంది.

ఆరున్నరకు అన్నాలకు కూర్చున్నారు. బయట కంచె మీద ఇంకా ఎండ ఉంది. టమాటా పప్పు, బెండకాయ వేపుడు. ద్వారకానాథ్ పప్పు కలిపి, ముద్ద ఎత్తకుండా అలాగే వేళ్ళతో తిప్పుతూ కూర్చున్నాడు.

"రేపు క్లబ్బుకి వెళ్తున్నాం," అన్నాడు.

"బట్ గన్ లేదుగా," అంది లిఖిత. "క్లబ్ గన్ అడుగుదామా?"

"నువ్వు రేపు కాల్చట్లేదు నాన్నా. నేను మాట్లాడతా. షూటింగ్ మొదలయ్యే ముందు అందరూ నిలబడతారుగా, అప్పుడు చెప్తా, ఏం చేశానో. సెక్రటరీకి ఇందాకే ఫోన్ చేశా, ఐదు నిమిషాలు ఇస్తానన్నాడు."

"డాడ్, నో. వీడియో డిలీట్ చేశావుగా. వై డూ యూ హ్యావ్ టు టెల్ ఎవ్రీవన్? దే విల్ లాఫ్ ఎట్ అస్."

"డిలీట్ చేసేలోపు ముప్ఫై మంది చూశారు. ఇద్దరు, 'గుడ్ జాబ్ మేట్, ఐ విల్ డూ మైన్ దిస్ వీకెండ్' అని రాశారు. వాళ్ళకి ఫోన్ చేశా, ఒకడు ఎత్తాడు, ఒకడు ఎత్తలేదు. రాయకుండా చేసినవాళ్ళు ఎంతమందో నాకు తెలీదు. క్లబ్బులో నీ పక్కన నిలబడేది వాళ్ళ పిల్లలే." మంచినీళ్ళు తాగాడు. "నవ్వితే నవ్వనీ. రాజు కూడా వస్తానన్నాడు. సుగుణ ఆ ప్యాంటు ఉతకనందిట, అట్లాగే తెస్తుందిట."

లిఖిత తల్లికేసి చూసింది. తల్లి ఏమైనా అడ్డుపడుతుందేమో అని.

శ్యామసుందరి అతని కంచంలో పొడిబారిన అన్నం మీద ఇంకో గరిటె పప్పు వేసింది.

"చెప్పేటప్పుడు డెబ్బైమూడు అని చెప్పండి," అంది. "అప్పుడప్పుడూ పేలుతుంది అని ఊరుకోకండి. అలా అంటే ఒక్కొక్కళ్ళూ ఇంటికెళ్ళి ఇరవైసార్లు వేసి చూసుకుని, బాగానే ఉందని బీరువాలో పెట్టేస్తారు."

ద్వారకానాథ్ తలూపాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.